సూది దగ్గర ధీమా పనికిరాదు

తిరుపతి స్విమ్స్ మొదలు చిత్తూరు దాకా ఏ డయాలసిస్ విభాగంలోనైనా పనితనం తెలిసేది ఒక రోగి మంచం నుంచి ఇంకో రోగి మంచానికి వెళ్లే ఆ నాలుగడుగుల్లోనే అంటాను. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళంలో) రెండు సూదులు అంటే, ఒక్క మనిషికే ఏడాదికి 300 పైచిలుకు. గ్లౌజులు మార్చారా, చేతులు కడిగారా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు సీసా ఒక్కదాన్నే మంచం మంచానికీ తిప్పారా అన్నదాన్ని బట్టే హెపటైటిస్-సి పాకుతుంది, లేదా ఆగుతుంది. ఏళ్లతరబడి ఈ రక్తం నడుమే ఉన్నా పరీక్షలో నెగెటివ్ వచ్చేవాళ్లను చూసి, ఒళ్లు రాటుదేలిందిలే అనుకోవడం సహజం. అలా అనుకోవడానికి కొంత ఆధారమూ ఉంది. సూది గుచ్చుకున్నా జబ్బు రాని, యాంటీబాడీలు కూడా పుట్టని ఆసుపత్రి సిబ్బంది కొందరిలో ఈ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు కనిపించాయి.

అయితే గుర్తుపట్టడం వేరు, అడ్డుకోవడం వేరు. 2013లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగంలో మనిషిని పోలిన జంతువులకు ఈ వైరస్‌ను అతి కొద్ది మోతాదుల్లో మళ్లీమళ్లీ ఎక్కించారు. టీ కణాలు పుట్టాయి. తీరా అసలు ఇన్ఫెక్షన్ ఎక్కించాక అవి కాపాడలేదు. రోగనిరోధాన్ని అదుపులో పెట్టే మరో రకం టీ కణాలు పెరిగి వాటిని అణచేశాయి. చిన్నచిన్న తాకిళ్లు బలం ఇవ్వకపోగా మేలుకోవాల్సిన కణాలను జోకొడుతున్నాయన్నమాట. 2021లో ఫలితాలు వెలువడిన హెపటైటిస్-సి టీకా ప్రయోగమూ గుర్తుపట్టడం వేరు, అడ్డుకోవడం వేరన్న మాటనే బలపరిచింది: అమెరికాలో 548 మందిలో టీకా వేసుకున్నవాళ్లలో అత్యధికులకు టీ కణాలు పుట్టినా, దీర్ఘకాలిక జబ్బు టీకా వేసుకున్నవాళ్లలోనూ వేసుకోనివాళ్లలోనూ 14 మందికి చొప్పున వచ్చింది.

ఒకసారి జబ్బు వచ్చి మందు లేకుండానే తగ్గినవాళ్లు రెండోసారి త్వరగా కోలుకుంటారు కదా అంటే, చాలామంది విషయంలో నిజమే. కానీ అది పూర్తి ఇన్ఫెక్షన్‌తో పోరాడి గెలిచిన శరీరం సంగతి. కిడ్నీలు చెడినవాళ్లలో రోగనిరోధమే కుంగి ఉంటుంది; వైరస్ ఉన్నా యాంటీబాడీ పరీక్షకు దొరకని సందర్భాలూ ఉన్నాయి, అందుకే ఆర్ఎన్ఏ పరీక్ష అవసరం. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు, నూటికి 90 మందికి పైగా నయమవుతోంది. ఇది ఎంతో గొప్ప మేలు. అయినా నయమైన మనిషికి మళ్లీ సోకదన్న హామీ ఏదీ లేదు. పాజిటివ్ వాళ్లకు వేరే మెషిన్ పెట్టేశాం కదా అన్న వాదన నన్ను ఒప్పించదు. మెషిన్ కదలదు, చేతులు కదులుతాయి. షిఫ్టు మారే హడావుడిలో ఒక్క నర్సుకు ఇన్ని మంచాలు అప్పగించి, గ్లౌజుల పెట్టె దగ్గర లెక్కలు చూసే యాజమాన్యాలను ముందు అడగాలి.