ఆగిన మెయిల్‌ను ఆగి చూడాలి

మెయిల్ సర్వర్ చూసుకునేవాళ్లకు ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు ఒకటే: "సార్, మెయిల్ పోవట్లేదు." సర్వరే పడిపోయిందని అవతలివాళ్ల అనుమానం. చూస్తే సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, మెయిల్ మాత్రం క్యూలో కూర్చుని ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు క్యూ అంటే వెంటనే ఊడ్చేయాల్సిన చెత్తలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది ముందు చదవాల్సిన దస్తావేజు.

మనం పంపే బటన్ నొక్కగానే మెయిల్ మన సర్వర్ చేతికి వస్తుంది, అంతే. అవతలి సర్వర్ "తీసుకున్నాను" అనేదాకా దాని బాధ్యత మన సర్వర్‌దే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన మెయిల్ రవాణా (ఎస్ఎమ్‌టీపీ) నిబంధనల నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. 2008 నాటి నిబంధనల ప్రకారం చేరని మెయిల్‌ను సాధారణంగా కనీసం అరగంట ఎడంతో మళ్లీ మళ్లీ పంపి చూడాలి, నాలుగైదు రోజుల దాకా ఆశ వదులుకోకూడదు. చాలాచోట్ల వాడే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌ను విట్సా వెనెమా ఐబీఎమ్‌లో ఉండగా తయారుచేసి 1998లో విడుదల చేశాడు. మనం ఏమీ మార్చకపోతే అందులో గడువు 5 రోజులు. మొదట 300 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ఎడం పెరుగుతూ 4000 సెకన్ల దాకా, అంటే గంటకు పైగా పోతుంది. ఇంత ఓపిక సర్వర్‌కు ఉన్నప్పుడు దాన్ని చూసుకునేవాడికి కాస్తయినా ఉండాలి కదా.

మెయిల్‌క్యూ అనే కమాండ్ కొడితే జాబితా వస్తుంది. ప్రతి మెయిల్‌కూ ఒక నంబరు, సైజు, వచ్చిన సమయం, పంపినవారు, అందాల్సినవారు. వాటితో పాటు బ్రాకెట్లో ఒక పొడవాటి వాక్యం ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని దాటేసి ఎన్ని మెయిళ్లు ఆగాయో లెక్కపెడతారు. అసలు విషయమంతా ఆ వాక్యంలోనే ఉంది. అవతలి సర్వర్ జవాబిచ్చి ఉంటే అందులో మూడంకెల కోడ్ కనిపిస్తుంది. మొదటి అంకె 4 అయితే ఇప్పుడు కుదరదని, 5 అయితే ఎప్పటికీ కుదరదని. ఇంటికి తాళం ఉంటే పోస్ట్‌మ్యాన్ మళ్లీ వస్తాడు, ఆ పేరుగలవారే అక్కడ లేరంటే ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. ఇదీ అంతే. 5తో మొదలైన జవాబు వస్తే మెయిల్ సాధారణంగా క్యూలో ఉండదు, వెంటనే బౌన్స్ అవుతుంది. కాబట్టి క్యూలో ఆగి ఉన్నవాటిలో చాలావాటికి ఇంకా దారి మూసుకుపోలేదు.

తర్వాత చూడాల్సింది, అన్ని డొమైన్లకూ ఆగాయా, ఒక్కదానికే ఆగాయా అని. అన్నింటికీ 'కనెక్షన్ టైమవుట్' అని ఉంటే తప్పు మన వైపే వెతకాలి. చాలా క్లౌడ్ కంపెనీలు బయటికి వెళ్లే పోర్ట్ 25ను ముందే మూసి ఉంచుతాయి. కొత్త సర్వర్ పెట్టినవాళ్లకు మొదట తగిలే గోడ అదే. డొమైన్ పేరు దొరకలేదని అన్నింటికీ వస్తుంటే డీఎన్ఎస్ చూడాలి. ఒక్క డొమైన్‌కే ఆగి, 450 అనో 451 అనో కనిపిస్తే గ్రేలిస్టింగ్ కావచ్చు. ముక్కూమొహం తెలియని సర్వర్‌ను మొదటిసారి కావాలనే వెనక్కి పంపడం దాని పద్ధతి. దాన్ని 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించాడు. అసలైన సర్వర్ మళ్లీ వస్తుంది, స్పామ్ పంపే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ ఓపిక ఉండదు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. కాసేపు ఆగితే మెయిల్ దానంతటదే పోతుంది.

కానీ ఊరికే ఉండటం కష్టం. పైనుంచి మేనేజర్ అడుగుతుంటాడు, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి. క్యూ మొత్తాన్ని మళ్లీ తోసే కమాండ్ ఒకటుంది. దాన్ని పదేపదే కొడితే మిగతా మెయిళ్లు కూడా నెమ్మదిస్తాయని పోస్ట్‌ఫిక్స్ మాన్యువల్లోనే హెచ్చరిక ఉంది. పైగా, "మీ దగ్గర్నుంచి మరీ ఎక్కువ వస్తున్నాయి, కాస్త ఆగండి" అన్న సర్వర్‌నే మళ్లీ మళ్లీ తడితే మన ఐపీ అడ్రస్‌కు ఉన్న పరువు కూడా పోతుంది.

నిజంగా చెయ్యి పెట్టాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఒక కాలేజీలో అడ్మిషన్ల రోజుల్లో క్యూ తెల్లారేసరికి ఉబ్బిపోయింది. ఆఫీసు అకౌంట్ ఒకదాని పాస్‌వర్డ్ ఎవరో కొట్టేసి రాత్రంతా స్పామ్ పంపారు. అక్కడి కుర్రాడు ఫోన్లో, "సార్, మొత్తం డిలీట్ కొట్టేయనా?" అన్నాడు.

"ఆగు బాబూ, అందులో పిల్లల తల్లిదండ్రులకు వెళ్లాల్సినవి కూడా ఉన్నాయి" అన్నాను.

ముందు అన్నింటినీ హోల్డ్‌లో పెట్టించాను. ఆ అకౌంట్ ఆపి, పాస్‌వర్డ్ మార్పించి, దాని పేరుతో వెళ్లేవాటినే ఏరి తీయించి, మిగతావాటిని వదిలించాను. మొత్తం తుడిచే కమాండ్ ఒక్క వరుసలో అయిపోతుంది. పోయినవాటిని మళ్లీ తెచ్చే కమాండ్ మాత్రం లేదు.

ఇలా ఏరేటప్పుడు మెయిల్‌ను తెరిచి చూసే వీలు కూడా మనకుంటుంది. జీతాల గొడవలు, ఇంటి విషయాలు, డాక్టర్ రిపోర్టులు అన్నీ కనిపిస్తాయి. పోస్ట్‌క్యాట్ కమాండ్‌తో హెడర్లు మాత్రమే చూడొచ్చు. కారణం వెతకడానికి దాదాపు ఎప్పుడూ అవి చాలు. లోపలి సంగతి మనది కాదు.

ఇంత ఓపికగా తయారైన ఈ ఏర్పాటులో నాకు నచ్చనిది ఒకటుంది. మెయిల్ ఆగిందన్న సంగతి దాన్ని పంపినవారికి తెలియదు. ఆలస్యమైతే హెచ్చరించే సెట్టింగ్ పోస్ట్‌ఫిక్స్‌లో ఉన్నా, మనం పెట్టుకునేదాకా అది సున్నాలోనే ఉంటుంది. అంటే మన సర్వర్ 5 రోజులు ప్రయత్నించి, చివరికి "చేరలేదు" అని చెబుతుంది. రేపు సాయంత్రంతో ముగిసే టెండర్‌కు ఆ ఓపిక ఎందుకు పనికొస్తుంది? అందుకే నేను చూసే ప్రతి సర్వర్‌లో ఆ హెచ్చరిక సెట్టింగ్‌ను 4 గంటలకు పెడతాను. అలా పెడితే ఫోన్లు పెరుగుతాయని తోటివాళ్లు అంటారు. పెరుగుతాయి, నిజమే. ఇది హెచ్చరిక మాత్రమే, మళ్లీ పంపనక్కర్లేదని ఆ నోటీసులోనే పెద్దక్షరాల ఇంగ్లిష్‌లో ఉంటుంది. అయినా కంగారుపడి అదే మెయిల్‌ను మళ్లీ పంపేవాళ్లే ఎక్కువ.

ఆ నోటీసు మాటలు మనమే మార్చుకోవచ్చు. తెలుగువాళ్లు పనిచేసే ఆఫీసైతే ఇంగ్లిష్ పక్కనే మూడు ముక్కలు తెలుగులో పెట్టండి: మీ మెయిల్ ఇంకా చేరలేదు, మేం ప్రయత్నిస్తూనే ఉన్నాం. మళ్లీ పంపనక్కర్లేదు. పని తొందరైతే అవతలివారికి ఒక ఫోన్ చేయండి.