12 జీబీనా, 115 వాట్లా?

ఎన్విడియా 2021లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060, 2023లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 4060. మధ్యస్థ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టుకునేవాళ్లు ఈ రెండు గ్రాఫిక్స్ కార్డుల మధ్యే ఎక్కువగా తటపటాయిస్తారు. పోల్చేవాళ్లంతా ఫ్రేముల లెక్కతో మొదలుపెడతారు. నేను వాట్లతో మొదలుపెడతాను. మన దగ్గర ఈ కార్డులు చాలావరకు పనిచేసేది ఏసీ ల్యాబుల్లో కాదు. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో, ఫ్యాను గాలే వేడిగా కొట్టే గదుల్లో.

3060 గరిష్ఠంగా 170 వాట్లు తీసుకుంటుంది, 4060 115. కార్డు తాగిన కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. గది 22 డిగ్రీలున్నప్పుడు 68 దగ్గర నిలిచే చిప్, గది 38కి చేరితే దాదాపు అంతే పైకి జరిగి 84 దగ్గర తేలుతుంది. వేడి హద్దు దగ్గరపడేకొద్దీ కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట మధ్యలో ఫ్రేములు పడిపోయేది కొన్నిసార్లు అందుకే. అక్కడ 55 వాట్ల తేడా చిన్నది కాదు. పైగా 1080పీలో చాలా ఆటల్లో 4060దే పైచేయి. తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయడమే ఈ కార్డు అసలు గొప్పతనం.

మెమరీ దగ్గర మాత్రం ఎన్విడియా వెనకడుగు వేసింది. 3060లో 12 జీబీ, 192 బిట్ బస్. కొత్తదానిలో 8 జీబీ, 128 బిట్. క్యాష్ పెంచి ఆ లోటు కొంత పూడ్చారు గానీ, క్యాష్ ఎంతున్నా 8 జీబీ 12 కాదు. 2023లో పీసీకి వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1'లో టెక్స్చర్లు పెంచిన 8 జీబీ కార్డులు ఎలా తడబడ్డాయో చాలామంది చూశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన కార్డుకు మెమరీ తగ్గించడం కొనుగోలుదారుకు చేసిన అన్యాయమే. బ్లెండర్‌లో పెద్ద సీన్లు రెండర్ చేసేవాళ్లకు, ఏఐ మోడళ్లను ఇంట్లోనే నడిపేవాళ్లకు 3060 ఇప్పటికీ అక్కరకొస్తుంది.

వేడికి మందు అనగానే మూడు ఫ్యాన్ల మోడల్ కొనమంటారు. పెద్ద హీట్‌సింక్ చిప్‌ను చల్లబరుస్తుంది, గదిని కాదు. వేడిని పక్కకు తోయడం వేరు, పుట్టనివ్వకపోవడం వేరు. 60 హెర్ట్జ్ మానిటరుంటే ఫ్రేములను 60కి కట్టేయండి. ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించండి. వేడి బాగా తగ్గుతుంది, వేగం తగ్గేది కొద్దిగానే. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడి చూడండి. ఉష్ణోగ్రత గట్టిగా పడిపోతే తప్పు కార్డుది కాదు, గాలి ఆడని క్యాబినెట్‌ది. పడకపోతే దుమ్ము దులపండి, ఆపైన థర్మల్ పేస్ట్ సంగతి చూడండి. దుమ్ము దులపడానికి బ్లోయర్ పెట్టేటప్పుడు కార్డు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

నా తీర్పు ఇది: 1080పీ మానిటరు, ఏసీ లేని గది అయితే 4060. టెక్స్చర్లను ఒక మెట్టు దించుకోవడం మే నెల ఉక్కలో 170 వాట్లు భరించడం కంటే సులువు. 12 జీబీ నిజంగా కావాల్సిన పని ఉంటేనే 3060 తీసుకోండి, పవర్ లిమిట్ మొదటిరోజే దించండి.