పంచె నీడలో నాచుపూలు

మే నెల వచ్చిందంటే మా డాబా మీద పొద్దున్న తొమ్మిదిన్నరకి సందడి మొదలవుతుంది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న నాచుపూలు ఎండ చురుక్కుమనగానే ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. గడ్డిగులాబీలని కొందరంటారు, మా వీధి పిల్లలకైతే టేబుల్ రోజులు. పసుపు, నారింజ, రాణీ రంగు, తెలుపు మీద గులాబీ చారలు. పోయినేడు ఓ వెడల్పాటి టబ్బులో నాలుగు రంగుల కొమ్మలు తుంచి గుచ్చాను. వేరు కూడా లేని ముక్కలు, బెత్తెడు పొడవుండవు. రెండు నెలలు తిరిగేసరికి టబ్బు అంచు కనపడకుండా కమ్మేశాయి. మధ్యాహ్నం రెండు దాటిందా, దుకాణం కట్టేస్తాయి. విచ్చిన పువ్వుకి ఆ ఒక్క పూటే ఆయుష్షు. మర్నాడు విచ్చేవి వేరే మొగ్గలు.

అంటే వాటిని ఫొటో తియ్యాలంటే పదికీ ఒంటిగంటకీ మధ్యే తియ్యాలి. ఫొటో తియ్యడానికి పనికిరాని వేళ ఏదని ఏ ఫొటోగ్రాఫర్‌ని అడిగినా సరిగ్గా అదే చెబుతాడు. నడినెత్తి ఎండలో రేకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి, వాటి పక్కనే నీడలు కాటుక పెట్టినట్టు నల్లగా ఉంటాయి. పొద్దుటి వెలుగు, సాయంత్రపు వెలుగు బాగుంటాయని అందరూ అంటారు. బాగుంటాయి, కాదనను. ఆ రెండు వేళల్లోనూ మా నాచుపూలు నిద్దరోతూ ఉంటాయి. పువ్వుదో గంట, కెమెరాదో గంట. నాలుగు వేసవుల నుంచి ఈ తగువు తీర్చడమే నా పని.

మొదటేడు ఫొటోల సంగతి దేవుడెరుగు, మొక్కలే దక్కలేదు. నల్ల ప్లాస్టిక్ కుండీల్లో జినియాలు వేసి నేరుగా డాబా గచ్చు మీద పెట్టాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రోళ్ళ మాటేమో గానీ ఆ కుండీల్లో వేళ్ళు ఉడికిపోయాయి. దానికి తోడు సాయంత్రం నాలుగింటికే గొట్టం పట్టుకుని తడిపేవాణ్ణి. ట్యాంకులోంచి వచ్చేవి కాగిన నీళ్ళని చెయ్యి పెట్టి చూస్తే గదా తెలిసేది! ఇప్పుడు కుండీల కింద ఇటుకలు పెట్టి, బయటివైపు సున్నం కొట్టాను. నీళ్ళు తెల్లవారుఝామునే పోస్తాను. ఇంత చిన్న సంగతి తెలియడానికి పదకొండు జినియాలు పోయాయి.

కాగితంపూలది ఇంకో కథ. రాజమండ్రిలో కాపురం ఉంటూ మొక్కలు కొనకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. కడియం, కడియపులంక నర్సరీలు దగ్గర్లోనే ఉన్నాయి, ఓ మొక్కకని వెళ్తే ఆటో నిండిపోతుంది. అక్కడ కొన్న కాగితంపూల మొక్క నా దగ్గర గుబురుగా, పచ్చగా ఏపుగా పెరిగింది. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. తెచ్చిన చోటికే వెళ్ళి గోడు చెప్పుకుంటే, అంట్లు కడుతున్న పెద్దాయన తలెత్తకుండానే అడిగాడు.

"నీళ్ళు ఎన్నిసార్లు పోత్తున్నారండి?"

"రెండు పూటలా."

"ఆయ్, మరింకెందుకు పూత్తాదండి? కడుపు నిండిపోయిందండి దానికి. ఆపెయ్యండి. ఆకు వాడి వాలిపోయేదాకా పొయ్యకండి."

గుండె రాయి చేసుకుని ఆపాను. చూస్తుండగానే ఆకులు వేలాడాయి, కొన్ని రాలాయి. అప్పుడు కాసిని నీళ్ళు పోశాను. మళ్ళీ ఆపాను. నెల తిరిగేసరికి కొమ్మ కొమ్మంతా రంగు. మనం పువ్వులనుకునేవి నిజానికి రంగు పట్టిన ఆకులు. అసలు పువ్వులు వాటి మధ్య సన్నటి గొట్టాల్లా మూడేసి ఉంటాయి, కొసన తెల్లటి చుక్కతో. దగ్గరగా ఫొటో తీసేదాకా వాటిని నేను ఎప్పుడూ చూడనేలేదు. ఈ మొక్కకి పెట్టింది బూగన్‌విల్ అనే ఫ్రెంచి నౌకాధిపతి పేరు. 1760ల్లో ఆయన నౌకాయాత్రలో వెళ్ళిన కామెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని బ్రెజిల్‌లో సేకరించాడు. కామెర్సన్‌కి సాయంగా వెళ్ళిన జాన్ బారె మగవేషం వేసుకున్న ఆడమనిషి. ఆ ఓడల్లోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు మరి. మొక్కల కట్టలు మోసిందీ, కొండలెక్కిందీ ఆమె. మొక్కకి పేరు మాత్రం ఓడ నడిపినాయనది!

కాగితంపూలు, నాచుపూలు, సాయంత్రం విచ్చే చంద్రకాంతలు, ఈ మూడింటి రాణీ రంగూ ఒక్క కుదురుదే. బీట్‌రూట్ కోస్తే చేతికంటే రంగు, ఎర్ర తోటకూర ఉడికిస్తే నీళ్ళలో దిగే రంగు, అదే. మందారానిది వేరే సరుకు, వంకాయ తొక్కలోనూ నేరేడులోనూ ఉండే జాతి రంగు. ఈ రెండూ కలిసి ఒకే మొక్కలో ఉండవు. ఈ సంగతి తెలిశాక మా డాబా నా కంటికి రెండు కులాలుగా విడిపోయి కనపడుతోంది, అదొక గోల.

మందారం దగ్గర అసలు పేచీ అమ్మతో. అయిదున్నరకల్లా ఆవిడ పూలసజ్జ పట్టుకుని డాబా ఎక్కేస్తుంది. నేను లేచి కెమెరా వెతుక్కునేలోగా చెట్టు బోసి. "దేవుడికి పెట్టాక అక్కడే తీసుకోరాదూ నీ ఫొటో?" అంటుంది. చివరికి రాజీకొచ్చాం. మందార మొగ్గని ముందు రోజు సాయంత్రమే కోసి పళ్ళెంలో పెట్టినా తెల్లారేసరికి దానంతటదే విచ్చుకుంటుంది, నీళ్ళు కూడా అక్కర్లేదు. కాబట్టి సగం మొగ్గలు సాయంత్రమే దేవుడి గదిలోకి వెళ్తాయి, మిగతా సగం నావి.

నావైనంత మాత్రాన ఫొటోలో కుదరలేదు. ఎర్ర మందారం తీస్తే తెర మీద కుంకుమ ముద్ద కనపడేది. రేకుల్లో ఈనెలు లేవు, మడతలు లేవు. ఫోన్ తప్పనుకుని కెమెరా కొన్నాను. దాందీ అదే వరస! తర్వాత తెలిసింది, దాదాపు అన్ని డిజిటల్ కెమెరాల్లోనూ లోపల వెలుగుని పట్టే గళ్ళు నాలుగింటికి రెండు పచ్చరంగువి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలంది. కోడాక్ కంపెనీలో బేయర్ అనే ఆయన 1970ల్లో వేసిన అమరిక. మన కన్ను పచ్చని వెలుగుని బాగా పట్టుకుంటుంది కనక దానికి రెండు వాటాలు. ఎర్రటి పువ్వు ఎదురుగా ఉంటే ఆ ఒక్క ఎర్రగడీ నిండి పొర్లిపోతుంది, మిగతావి దాదాపు ఖాళీ. పొర్లిపోయాక ఇక ఈనె ఎక్కడిది? విరుగుడు చిన్నదే. ఫోన్లో పువ్వు మీద వేలు నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కిందికి జరపాలి. ఫొటో చీకటిగా ఉందేమిటి అనిపించేదాకా జరపాలి. అప్పుడు కనపడతాయి ఈనెలు.

చంద్రకాంతలతో ఈ బాధలేవీ లేవు. సాయంత్రం నాలుగు దాటాక, వెలుగు మెత్తబడే వేళకి విచ్చుకుంటాయి. కెమెరా మర్యాద తెలిసిన పువ్వు. ఒకే చెట్టుకి పసుపు, గులాబీ, రెండూ చిలకరించినవి. అందుకే దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

మళ్ళీ నాచుపూల దగ్గరికి రావాలి, తేలనిది అదే కనక. గొడుగు పట్టాను, నీడ మరీ చప్పగా పడింది. పైగా నీడలో ఎక్కువసేపుంచితే పువ్వు అలిగి ముడుచుకోవడం మొదలెట్టింది. నీళ్ళు చిలకరించి మంచుబిందువులని చెప్పుకుందామా అంటే, ఆ పల్చటి రేకులు తడి తగలగానే ముద్దయిపోయాయి. ఆ దొంగ మంచు నాకెలాగూ నచ్చదు లెండి. ఓ రోజు తీగ మీద నాన్న పంచె ఆరేసి ఉంది. దాని వెనక పడిన వెలుగులో టబ్బు ఉంది. ఎండ ఎండలానే ఉంది, కోపం పోయింది. చారలు చారల్లా, నారింజ నారింజలా, మధ్యలో పసుపుపచ్చటి కేసరాలు దారాల్లా విడివిడిగా. వాటిని చీపురు పుల్లతో ముట్టుకుంటే మెల్లగా ముట్టిన వైపుకే వంగుతాయి, అదీ అప్పుడే చూశాను.

అప్పటినుంచి ఆ పంచె నాది. నాన్న ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పువ్వుకి మూరెడు ఎత్తున పట్టాలి, ఎంత దగ్గరైతే వెలుగు అంత మెత్తన. జరీ అంచు పువ్వు మీదికి రాకూడదు, వస్తే తెల్ల పువ్వు పసుపు తిరుగుతుంది. గాలికి కాడ ఊగకుండా పుల్లని పక్కన గుచ్చి బట్టల క్లిప్పు పెడతాను. రెండు చేతులూ కెమెరాకే సరిపోతాయి, కాబట్టి పంచె పట్టడానికి మరో మనిషి కావాలి.

ఇప్పుడు తొమ్మిదిన్నరకి కేకేసేది అమ్మే. "ఒరేయ్, విచ్చుకున్నాయి, రా." నెత్తిన తడి తువ్వాలు వేసుకుని పంచె రెండు కొసలూ పట్టుకుని నిలబడుతుంది.

"కాస్త కిందికమ్మా... అంచు, అంచు పడుతోంది."

"చేతులు లాగేస్తున్నాయిరా. తొందరగా కానీ, పొయ్యి మీద పప్పుంది."