నివురు కింద చెయ్యి

ఎల్లోస్టోన్‌కి వెళ్లినవాళ్లు వేడినీటి బుగ్గలూ, అడవిదున్నలూ చూసొస్తారు. నేను దారి పక్కన ఆగిన ఒక ఫైరింజన్ దగ్గర చతికిలబడ్డాను. ముందురోజు పిడుగుపడి అంటుకున్న చిన్న మంటట. మా అమ్మాయి విసుక్కుంది.

నిచ్చెనా, గంటా ఉన్న బండి కాదది. గట్టి పికప్ ట్రక్కు వీపున ట్యాంకు, పంపు, చుట్టలు చుట్టిన గొట్టాలు. టైప్ 6 అంటారు. ఆ తరగతి బండిలో ఉండాల్సిన కనీసపు నీళ్లు 150 గ్యాలన్లు, అంటే దాదాపు 570 లీటర్లు. మా మిద్దె మీది ట్యాంకులో ఇంతకంటే ఎక్కువే పడతాయి! నిమిషానికి 50 గ్యాలన్ల చొప్పున తోడితే మూడు నిమిషాల్లో ఖాళీ.

అందుకే నీళ్లను వాళ్లు నెయ్యిలా వాడతారు. అసలు పని పులాస్కీది. ఒకవైపు గొడ్డలి, మరోవైపు బాడిసలాంటి అంచు ఉన్న పనిముట్టు. 1910లో ఐడహో కార్చిచ్చులో తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలుకెళ్లి చాలామందిని బతికించిన రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దానికీ. దాంతో ఆకూ అలమూ, వేళ్లూ గోకేసి, మట్టి తేలేదాకా బాట తీస్తారు. అక్కడికొచ్చాక నిప్పుకి తిండి ఉండదు. మన నల్లమలలో ఎండలు ముదరకముందే తీసే ఫైర్ లైన్ల లెక్కా ఇదే.

అన్నిసార్లూ ఇది సాగదు. 1988లో ఇదే పార్కులో మూడోవంతుకి పైగా మంటల పాలైంది. ఆ వేసవంతా కలిపి పాతికవేల మంది పోరాడినా, మంటల ఊపు తగ్గించింది సెప్టెంబరు 11న పడ్డ మంచు.

నన్ను కట్టిపడేసింది మాత్రం మంట పోయాక మిగిలే పని. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనేస్తుంటాం. దాన్ని వెతుక్కుంటూ పోయేవాళ్లను అప్పుడే చూశాను. మా అమ్మాయి ఈడు పిల్ల, పసుపు చొక్కా, మొహమంతా మసి. మోకాళ్ల మీద కూచుని, గ్లవుజు తీసి, చెయ్యి తిరగేసి బూడిద మీదికి దించుతోంది. మా అమ్మ జ్వరం చూసేది అచ్చం ఇట్లాగే. అరచెయ్యి కాలితే మర్నాడు గొడ్డలి పట్టుకునేదెట్లా మరి?

ఒకచోట చెయ్యి చటుక్కున వెనక్కి తీసింది. తవ్వింది, కాసిని నీళ్లు పోసింది, బురదయ్యేదాకా కలిపింది, మళ్లీ చెయ్యి పెట్టి చూసింది.

"నాన్నా, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ బుగ్గ చిమ్మే వేళైంది, రండి!"

ఆ పిల్ల ఇంకో జానెడు ముందుకి జరిగింది.