ఏ క్షణాన ఎవరి మెమరీ: యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్ రచన

యూఎస్‌బీ తీగకు తగిలించిన పరికరం, అది కీబోర్డయినా కెమెరా అయినా, తనంతట తాను సంభాషణ మొదలుపెట్టదు. హాజరు పట్టీ చదివే ఉపాధ్యాయుడు పేరు పిలిచినప్పుడే విద్యార్థి పలికినట్లు, కంప్యూటరు అడిగినప్పుడే బదులిస్తుంది. ఎవరిని ఎప్పుడు పిలవాలో, ఒక్కొక్కరికి ఎంత వ్యవధి కేటాయించాలో చూసుకుంటూ ఆ పిలుపులను తీగ మీదికి పంపే చిప్‌ను హోస్ట్ కంట్రోలర్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమై, హార్డ్‌వేర్‌పై పూర్తి అధికారం గల భాగం కెర్నెల్ కాగా, ఆ కెర్నెల్ తరఫున కంట్రోలర్‌కు పని అప్పగించి ఫలితాన్ని తిరిగి రాబట్టే ప్రోగ్రామ్ హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్. కీబోర్డు, పెన్‌డ్రైవ్, ప్రింటర్ల డ్రైవర్లన్నీ దీని మీద ఆధారపడేవే కనుక, ఇందులో దొర్లిన ఒక్క పొరపాటు పైవాటన్నిటిలోనూ వేర్వేరు రూపాల్లో బయటపడుతుంది.

ఈ డ్రైవర్ రాయడమంటే వందల పుటల ప్రమాణ గ్రంథాన్ని ప్రోగ్రామ్‌గా మార్చడమేనని మొదట అనిపిస్తుంది. డ్రైవర్ చదవడానికి, రాయడానికి వీలుగా కంట్రోలర్‌లో ఉండే చిన్న నిల్వస్థానాలైన రిజిస్టర్లు, వాటిలోని ఒక్కొక్క బిట్ అర్థం, అన్నీ ఆ గ్రంథంలో ఉన్న మాట నిజమే. అయితే అసలు కష్టం మరోచోట ఉంది. కంట్రోలర్ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ప్రధాన మెమరీని నేరుగా చదువుతుంది, నేరుగా రాస్తుంది. డీఎంఏ అనే ఈ పద్ధతి వల్ల ఒకరికోసం ఒకరు ఆగని ఇద్దరు ఒకే మెమరీని వాడుకుంటూ ఉంటారు. ఏ క్షణాన ఏ భాగం ఎవరి అధీనంలో ఉందో తేల్చి చెప్పగలగడమే ఈ విద్యలోని ప్రధాన నైపుణ్యం. పాతికేళ్లకు పైగా సాగుతున్న ఈ రచనా సంప్రదాయం ఆ ఒక్క ప్రశ్నకు వెతికిన సమాధానాల పరంపర.

కంప్యాక్, డిజిటల్ ఈక్విప్‌మెంట్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్ సంస్థలు కలిసి రూపొందించిన యూఎస్‌బీ 1.0 ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్‌లో ఆ కృషికి ముందు నిలిచిన అజయ్ భట్ బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజనీరు. తీగ మీద నడిచే సంభాషణ ఎలా ఉండాలన్న విషయంలో అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది గానీ, కంట్రోలర్ నిర్మాణం విషయంలో కుదరలేదు. ఇంటెల్ యూహెచ్‌సీఐ అనే నమూనాను, కంప్యాక్, మైక్రోసాఫ్ట్, నేషనల్ సెమీకండక్టర్ కలిసి ఓహెచ్‌సీఐ అనే నమూనాను ముందుకు తెచ్చాయి. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 కోసం ఈహెచ్‌సీఐ, 2008 నాటి యూఎస్‌బీ 3.0 కోసం ఎక్స్‌హెచ్‌సీఐ పుట్టాయి. యంత్రంలో ఉన్నది ఏ నమూనాయో పీసీఐ అనుసంధానంలోని ఒక గుర్తింపు సంఖ్య చెబుతుంది: షోడశాంశ పద్ధతిలో 00, 10, 20, 30 వరుసగా ఈ నాలుగింటికీ చెందినవి. తీగ మీద పని ఒకటే అయినా, కెర్నెల్ రచయితలు దాన్ని నాలుగు విధాలుగా రాయవలసి రావడానికి కారణం ఇదే.

యూహెచ్‌సీఐలో చిప్ చేసే పని స్వల్పం, ప్రోగ్రామ్ చేసే పని అధికం. యూఎస్‌బీ కాలాన్ని ఒక్కో మిల్లీసెకను చొప్పున ఫ్రేములుగా విభజిస్తుంది. డ్రైవర్ మెమరీలో 1024 గడుల పట్టిక ఒకటి సిద్ధం చేస్తే, కంట్రోలర్ ప్రతి మిల్లీసెకనుకూ ఒక గడి చదివి, అది చూపిన చోట వరుసగా గొలుసు కట్టి ఉన్న పనులను చేసుకుపోతుంది. కీబోర్డును 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరించాలంటే, ఆ పనిని ప్రతి ఎనిమిదో గడికీ డ్రైవరే తగిలించాలి. కీబోర్డు వంటి పరికరాలకు కేటాయించిన సమయం పోగా మిగిలిన దాన్ని పెన్‌డ్రైవ్ వంటి వాటికి పంచే బాధ్యతా దానిదే. ఓహెచ్‌సీఐ ఇందులో చాలా భాగాన్ని చిప్‌కే అప్పగించి, పూర్తయిన పనులను అదే ఒక వరుసగా కట్టి తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. డ్రైవర్ రచయిత దృష్టితో చూస్తే ఓహెచ్‌సీఐ మెరుగైన నమూనా. తిరిగి ఇచ్చిన పనుల వరుస అంటూ ఒకటి ఉన్నప్పుడు, ఏది ఎవరి చేతిలో ఉందన్న సందేహానికి తావు తగ్గుతుంది.

నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం లెనార్ట్ ఆగస్ట్‌సన్ 1998లో మొదలుపెట్టిన యూఎస్‌బీ వ్యవస్థ ఆ తరువాత ఫ్రీబీఎస్‌డీకి, ఓపెన్‌బీఎస్‌డీకి పాకింది. మెమరీని చిప్‌కు అప్పగించడం, తిరిగి తీసుకోవడం అనే చర్యలను డ్రైవర్ నుంచి వేరుచేసి ప్రత్యేక పొరగా నిలిపే నెట్‌బీఎస్‌డీ ఆచారం అందుకు బాగా తోడ్పడింది. లినక్స్‌లో 2001 నాటి 2.4 వెర్షన్‌లో యూహెచ్‌సీఐకి రెండు వేర్వేరు డ్రైవర్లు పక్కపక్కనే ఉండేవి. యూఎస్‌బీ 3.0ను అందుకున్న మొదటి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లినక్సే: ఇంటెల్‌లో పనిచేసిన సేజ్ షార్ప్ రాసిన ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్ 2009 సెప్టెంబరులో 2.6.31 వెర్షన్‌తో వెలువడింది.

నేటి యంత్రాలన్నిటా కనిపించే ఎక్స్‌హెచ్‌సీఐలో అధీనమార్పిడి అత్యంత స్పష్టమైన రూపం దాల్చింది. ఇక్కడ డ్రైవర్, కంట్రోలర్ల మధ్య సంభాషణ అంతా రింగుల ద్వారా, అంటే చివర నుంచి మళ్లీ మొదటికి వచ్చే వరుసల ద్వారా సాగుతుంది. డ్రైవర్ ఆజ్ఞలకు కమాండ్ రింగ్, పరికరంలోని ఒక్కొక్క ఎండ్‌పాయింట్‌కు, అంటే దత్తాంశం వచ్చిపోయే ద్వారానికి, ఒక ట్రాన్స్‌ఫర్ రింగ్, కంట్రోలర్ నుంచి వచ్చే వార్తలకు ఈవెంట్ రింగ్ ఉంటాయి. ప్రతి రింగ్‌లోనూ 16 బైట్ల చొప్పున పనిచీటీలు ఉంటాయి, వీటిని టీఆర్‌బీలంటారు. చీటీ చివరి పదంలోని ఒక్క బిట్, సైకిల్ బిట్, దాని యాజమాన్యాన్ని నిర్ణయిస్తుంది. మొదటి చుట్టులో డ్రైవర్ ఆ బిట్‌ను 1గా రాస్తుంది. కంట్రోలర్ కూడా 1 కోసం చూస్తూ, అది కనిపించినంత మేర పనులను స్వీకరించి, 0 కనిపించిన చోట ఆగుతుంది. రింగ్ చివరనున్న లింక్ చీటీ దాటి మొదటికి వచ్చాక ఇద్దరూ ఆ విలువను తారుమారు చేసుకుంటారు, ఇప్పుడు 0 అంటేనే కొత్త పని. పాత చీటీలను తుడిచే పనే లేకుండా, తాళాలు లేకుండా, ఇద్దరి మధ్య హద్దును ఒకే బిట్ కాపాడే ఈ కల్పన ఆ ప్రమాణ గ్రంథం మొత్తంలోకీ అందమైన భాగం. ఈవెంట్ రింగ్‌లో ఇదే తర్కం దిశ మారి పనిచేస్తుంది: రాసేది కంట్రోలర్, చదివేది డ్రైవర్.

ఈ కల్పన నిలబడాలంటే రాసే క్రమం తప్పకూడదు. చీటీలోని చిరునామా, పొడవు ముందుగా మెమరీకి చేరి, సైకిల్ బిట్ చివరగా చేరాలి. ఒక పని అనేక చీటీలుగా విడిపోయినప్పుడు తక్కినవన్నీ సిద్ధమయ్యాకే మొదటి చీటీ బిట్‌ను మార్చాలి. అయితే కంపైలర్, ప్రాసెసర్ తమ సౌలభ్యం కోసం రాతల క్రమాన్ని మార్చగలవు గనుక, ఇంతవరకు రాసినవి చేరేదాకా తరువాతిది రాయరాదని ఆదేశించే మెమరీ బారియర్‌ను డ్రైవర్ రెండింటి మధ్యా ఉంచుతుంది. ఆ తరువాతే డోర్‌బెల్ అనే రిజిస్టర్‌లో రాసి కంట్రోలర్‌కు కబురు పెడుతుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లు రాతల క్రమాన్ని చాలావరకు తామే పాటిస్తాయి, ఆర్మ్ ప్రాసెసర్లు పాటించవు. ల్యాప్‌టాప్ మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన డ్రైవర్ చిన్న ఆర్మ్ బోర్డు మీద ఎప్పుడో ఒకసారి తప్పటడుగు వేయడానికి మూలం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. కొన్ని యంత్రాల్లో కంట్రోలర్ రాసిన కొత్త విలువ ప్రాసెసర్ తన దగ్గర ప్రతులు ఉంచుకునే క్యాష్ మెమరీకి తెలియదు కూడా, కాబట్టి చదివే ముందు క్యాష్‌లోని పాత ప్రతిని డ్రైవర్ పనిగట్టుకుని రద్దు చేయాలి.

కంట్రోలర్‌ను మేల్కొలిపే ఘట్టంలోనూ యాజమాన్యమే మొదటి మెట్టు. కంప్యూటరు ఆన్ అయినప్పుడు కంట్రోలర్ బయోస్ అనే ఆరంభ ప్రోగ్రామ్ అధీనంలో ఉంటుంది, కొత్త కెర్నెల్‌లో యూఎస్‌బీ డ్రైవరే లేకున్నా కీబోర్డు పనిచేస్తున్నట్లు కనబడడానికి అదే కారణం. డ్రైవర్ తన హక్కును ప్రకటించే బిట్‌ను రాసి, బయోస్ తన బిట్‌ను వదులుకునే వరకు వేచి ఉండి, ఆపైన కంట్రోలర్‌ను రీసెట్ చేసి, రింగుల చిరునామాలను అందించి నడకలో పెడుతుంది. ఆ తరువాత పోర్టులో పరికరం కనిపిస్తే, స్పర్శ కుదురుకోవడానికి 100 మిల్లీసెకన్లు ఆగి, పోర్టును రీసెట్ చేసి, పరికరం తేరుకోవడానికి మరో 10 మిల్లీసెకన్లు ఇవ్వాలి. పాత నమూనాల్లో 1 నుంచి 127 వరకు గల చిరునామాను పరికరానికి డ్రైవరే కేటాయించేది. ఎక్స్‌హెచ్‌సీఐలో డ్రైవర్ ఆజ్ఞ మేరకు కంట్రోలరే కేటాయిస్తుంది. పరికరం తన వివరాలు చెప్పే 18 బైట్ల పత్రంలో మొదటి 8 బైట్లనే ముందుగా అడగడం ఒక చక్కటి మెలకువ: ఒక్కసారికి ఎన్ని బైట్లు పంపగలదో ఆ ఎనిమిదో బైటే చెబుతుంది.

ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడంలో రచయిత ప్రతిభకు అసలైన పరీక్ష ఎదురవుతుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంది, లేదా ఎవరో పెన్‌డ్రైవ్‌ను లాగేస్తారు. అప్పటికే కంట్రోలర్ చేతికి వెళ్లిన బఫర్‌ను, అంటే దత్తాంశం కోసం కేటాయించిన మెమరీ భాగాన్ని, విడుదల చేయాలి. వెంటనే విడుదల చేస్తే, కెర్నెల్ ఆ భాగాన్ని మరో పనికి ఇచ్చిన తరువాత కంట్రోలర్ ఆలస్యంగా వచ్చి దాని మీద రాస్తుంది. యూఎస్‌బీతో సంబంధమే లేని ప్రోగ్రామ్ కూలిపోతుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు. ఈహెచ్‌సీఐలో డ్రైవర్ ఆ పనిని గొలుసు నుంచి విడదీసి, ఒక డోర్‌బెల్ బిట్‌ను రాసి, దాని తాలూకు పాత ప్రతులేవీ తన దగ్గర లేవని కంట్రోలర్ ఇంటరప్ట్ ద్వారా, అంటే ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం ద్వారా, తెలిపే వరకు ఆగాలి. కొన్ని చిప్‌లు ఆ ఇంటరప్ట్ ఇవ్వడం మరిచిపోతాయి కనుక లినక్స్ డ్రైవర్ కాపలాగా ఒక టైమర్‌ను కూడా నడుపుతుంది. ఎక్స్‌హెచ్‌సీఐలో ఎండ్‌పాయింట్‌ను ఆపమని ఆజ్ఞ పంపి, బదులు వచ్చాక ఆ చీటీలను నిరర్థక చీటీలుగా మార్చడమో, కంట్రోలర్ చదివే చోటును వాటిని దాటించి ముందుకు జరపడమో చేయాలి. ఆజ్ఞకూ బదులుకూ మధ్య ఆ పని దానంతట అదే పూర్తి కావచ్చు, లేదా లోపంతో ఎండ్‌పాయింట్ నిలిచిపోయి ఆజ్ఞే చెల్లకపోవచ్చు. ఈ సంధి ఘట్టాలన్నిటినీ ముందే ఊహించి రాసిన భాగాన్ని చదివితే చాలు, రచయిత స్థాయి తెలిసిపోతుంది.

ప్రమాణంలో లేని విషయాలు అనుభవం నుంచే వస్తాయి. 64 బిట్ల చిరునామాలు అర్థమవుతాయని ప్రకటించుకుని నిజానికి అర్థం చేసుకోలేని కంట్రోలర్లు, తక్కువ బైట్లు వచ్చినా అంతా సవ్యమని నివేదించే కంట్రోలర్లు ఉన్నాయి. అలాంటి మినహాయింపుల జాబితా లినక్స్ డ్రైవర్‌లో ఏటా పెరుగుతూనే ఉంది. ఈ మినహాయింపులను కోడ్‌లో మచ్చలుగా చూసేవారున్నారు. ఎందరో ఓపికతో కనిపెట్టి భావితరానికి అందించిన జ్ఞానంగా వాటిని చూడడమే న్యాయం. నేర్చుకునేవారికి నాలుగు నమూనాల కంట్రోలర్లనూ అనుకరించే క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ మంచి ఆరంభం, కానీ క్యాష్ దోషాలు, క్రమదోషాలు నిజమైన చిప్ మీదే బయటపడతాయి.

రెడాక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌ను రస్ట్ భాషలో రాసి, కెర్నెల్ బయట సాధారణ ప్రోగ్రామ్‌లా నడుపుతున్నారు. ఏ విలువ ఎవరిదో రస్ట్ కంపైలర్ ముందే పరీక్షిస్తుంది, అయితే చిప్‌కు ఇచ్చిన మెమరీ దాని చూపుకు అందదు. ఈవెంట్ వచ్చేదాకా బఫర్ విడుదల కాకుండా చూసే ఏర్పాటును రచయితే నిర్మించుకోవాలి. ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం కంట్రోలర్‌కు అనుమతించిన చిరునామాలను తప్ప మిగిలినవాటిని తాకనివ్వకుండా అడ్డుపడగలదు. కానీ ప్రతి అనుమతినీ వెనువెంటనే రద్దు చేయడం ఖరీదైన పని గనుక, కెర్నెళ్లు చాలాసార్లు రద్దులను పోగుచేసి ఒకేసారి అమలు చేస్తాయి. ఆ కొద్ది వ్యవధిలో పాత చిరునామా ఇంకా చెల్లుబాటు అవుతూనే ఉంటుంది కాబట్టి, ముందు కంట్రోలర్‌ను ఆపి, బదులు అందుకుని, ఆ తరువాతే మెమరీని విడుదల చేసే క్రమాన్ని ఈ రక్షణ ఉన్న యంత్రాల్లోనూ డ్రైవర్ పాటించవలసిందే.