16.5 మిల్లీమీటర్ల బెంగ

జేమ్స్ మే అంటే చాలామందికి గుర్తొచ్చేది కార్ల ప్రోగ్రామే. నాకు మాత్రం 2009లో బీబీసీ కోసం ఆయన చేసిన ‘టాయ్ స్టోరీస్’ ముందు గుర్తొస్తుంది. ఆరు ఎపిసోడ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో పాత ఆటవస్తువు. దాన్ని ఇంట్లోంచి బయటికి తెచ్చి, నిజం కొలతకి సాగదీసి చూడటం ఆయన పద్ధతి. వాటిలో స్కేలెక్స్‌ట్రిక్ కార్ల ఎపిసోడునీ హార్న్‌బీ రైళ్ళ ఎపిసోడునీ పక్కపక్కన పెట్టి చూడాలి.

స్కేలెక్స్‌ట్రిక్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. ప్లాస్టిక్ ట్రాక్‌లో ఒక గాడి, గాడికి రెండు పక్కలా కరెంటు పారే లోహపు పట్టీలు, కారు అడుగున గాడిలో దిగే చిన్న నాలుక. స్టీరింగ్ ఉండదు, చేతిలో ఒక ట్రిగ్గర్, అంతే. మలుపు దగ్గర దాన్ని కాస్త వదలాలి. వదలకపోతే కారు ఎగిరి ఏ సోఫా కిందో తేలుతుంది. 1957లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ ఇంగ్లండులో దీన్ని బయటపెట్టాడు. ఎంత నొక్కాలన్నది ఎవరైనా ఇట్టే నేర్చుకుంటారు, ఎప్పుడు వదలాలన్నదే అసలు ఆట.

మే ఈ ట్రాక్‌ని బ్రూక్‌లాండ్స్‌కి తీసుకెళ్ళాడు. 1907లో మొదలై 1939లో ఆగిపోయిన రేసు వలయం అది, చుట్టుకొలత 2.75 మైళ్ళు. ఇప్పుడక్కడ చాలాభాగం లేదు, దాని మీద భవనాలూ రోడ్లూ లేచాయి. ఊరివాళ్ళతో కలిసి అడ్డొచ్చినవన్నీ దాటుకుంటూ ఆ పాత దారంతా బొమ్మ ట్రాక్ పరిచారు, రికార్డు కొట్టారు. సరదాగా ఉంటుంది, కాదనను. కానీ గెలిచిన సంబరంలో ఆ పోయిన వలయం కాస్తా వెనక్కి జరిగిపోతుంది.

రైలు ఎపిసోడ్ అలా కాదు. బార్న్‌స్టేపుల్ నుంచి బిడెఫర్డ్‌కి ఒకప్పుడు నిజం రైలు నడిచేది. 1960లలో బ్రిటన్ చిన్న లైన్లని వరసపెట్టి మూసేసిన రోజుల్లో దాని ప్రయాణికుల బండీ ఆగిపోయింది. ఇవాళ అది నడకదారి. దాని మీద పది మైళ్ళ పొడవునా హార్న్‌బీ పట్టాలు పరిచారు. రెండు పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. రైలు నిజం రైల్లో 76వ వంతు, అంటే దాని లెక్కలో అది 760 మైళ్ళ ప్రయాణం! ఎవరో కొన్ని పట్టాలు ఎత్తుకుపోయారు, ఇంకెవరో షార్ట్ సర్క్యూట్ అయ్యేలా నాణేలు పెట్టారు. ఒక్క రైలూ చివరిదాకా చేరలేదు.

నాకు ఇల్లాంటి సెట్ ఎప్పుడూ లేదు. ‘మన బాల్యం’ అని ఈ ప్రోగ్రాం ధోరణి సూచించే ఆ ‘మనం’లో నేను లేను. ఆ మాటకొస్తే రైలు సెట్ కొనే స్తోమతు లేని బ్రిటిష్ ఇళ్ళూ లేవు, రైలు సెట్లు అన్నదమ్ములకే దక్కిన ఇళ్ళలోని అమ్మాయిలూ లేరు. మే ఆ గొడవ జోలికి పోలేదు, అదే నాకున్న పెద్ద ఫిర్యాదు. మరి ఆ చీకట్లో మోటారు వేడెక్కి ఆగిపోతున్న ఇంజనుని చూస్తే నాకెందుకు గొంతు పట్టేసింది? బహుశా అక్కడ బెంగ బొమ్మ మీద కాకుండా దాని కింద ఉన్న నేల మీద కావడం వల్ల. లైను మూసేసిన ఊళ్ళు ఎవరికైనా అర్థమవుతాయి.

పాత సెట్లు సేకరించేవాళ్ళు పెట్టె తెరవని వాటికి ఎక్కువ డబ్బు పోస్తారు. ఎవరూ ఆడని బొమ్మ మీద అంత ఆపేక్ష ఏంటో నాకు బోధపడదు. మే బృందం కొత్త ఇంజన్లని తెలిసీ తెలిసీ తగలబెట్టింది. ఆ రెండు రకాల ప్రేమల్లో నేను దీని పక్షం.

2011లో మే మళ్ళీ అదే దారికి వెళ్ళాడు, ఈసారి జర్మన్ జట్టుతో పందెం. రైళ్ళు చేరాయి. చూశాను, చప్పట్లు కొట్టొచ్చు. నేను రెండోసారి పెట్టుకుని చూసింది మాత్రం 2009 నాటిదే.