నిప్పుల గుడిలో తిలావత్

కవిత్వంలో మమ్మల్ని ఎలా చూపించారో మాట్లాడుకున్నాం. సినిమాల్లో ఎలా చూపించారో మాట్లాడుకున్నాం. వీడియో గేముల దగ్గరికొచ్చేసరికి పిల్లల వ్యవహారమని వదిలేశాం. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళు. వాళ్ళ చెవుల్లో సినిమా పాటలతో పాటు ఆ యంత్రాల పాటలూ ఉన్నాయి. ఆ పాటల్లో మేమున్నామా? ఉన్నాం. ఎలా ఉన్నామన్నదే ప్రశ్న.

1998 నవంబరులో నింటెండో 64 యంత్రం మీద ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ అనే ఆట వచ్చింది. జపాన్ వాళ్ళ ఆట. సంగీతం కోజీ కోండో. 1985 నాటి సూపర్ మారియో ట్యూను కట్టింది కూడా ఆయనే. మన ఊళ్ళలో నకిలీ టీవీ గేముల మీద మారియో ఆడినవాళ్ళకు ఆయన పేరు తెలియకపోవచ్చు, ట్యూను మాత్రం తెలుసు. జెల్డాలో సంగీతం వెనకాల మోగి ఊరుకోదు. కథానాయకుడి చేతిలో ఒకరినా అనే ఊదే వాయిద్యం ఉంటుంది. ఐదు స్వరాల మీటలు నొక్కి పాట వాయిస్తే వాన కురుస్తుంది, పగలు రాత్రవుతుంది, మూసిన తలుపు తెరుచుకుంటుంది. శబ్దం మీద ఇంత శ్రద్ధ పెట్టిన ఆట కాబట్టే దీన్ని ఎంచుకున్నాను.

ఈ ఆటలో అగ్నిదేవాలయం అనే ఘట్టం ఉంది. లావా పారే గుహలు, చెరలో పడ్డ గోరాన్ తెగవాళ్ళు, వాళ్ళను మింగబోయే వోల్వేజియా అనే డ్రాగన్. తొలి కార్ట్రిడ్జిల్లో, అంటే మనం క్యాసెట్లని పిలిచిన వాటిలో, ఆ గుహల్లో సాగే మంద్రనాదం మీద మగగొంతులు వినిపిస్తాయి. భాష అరబ్బీ. మాటలు ఇస్లామీ ప్రార్థనవి. వాటిని ఏ మసీదులోనూ రికార్డు చేసి తేలేదు. సంగీత దర్శకుల కోసం అమ్మే రెడీమేడ్ శబ్దాల సీడీలోంచి తీసుకున్నారు. ముక్కలు కోసి, ప్రతిధ్వని కలిపి, మళ్ళీ మళ్ళీ తిరిగేలా అతికించారు.

సంగీతంగా చూస్తే అది బలమైన పని. ఆ మాట ఒప్పుకోవాలి. పాడుకోవడానికి ట్యూను లేదు. వేడి ఉంది, చీకటి ఉంది, ఏదో పురాతనమైన బరువు ఉంది. ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? వినేవాడికి మాట అర్థం కాకపోవడం నుంచి. అర్థమయ్యేవాడికి ఆ భయం కలగదు. మా ఇళ్ళలో అజాన్ వినపడగానే అమ్మీ టీవీ సౌండు తగ్గిస్తుంది, పల్లూ తలమీదికి లాక్కుంటుంది. తిలావత్ సాగుతుంటే మాటలాగిపోతాయి. పుట్టిన బిడ్డ చెవిలో మొదట పడేదీ, మయ్యత్ పక్కన వినపడేదీ ఆ భాషే. మాకు ఊరటనిచ్చే గొంతు అక్కడ గుహ గోడల్లాగా, మంటల్లాగా ఒక సామాను. దాని మీదుగా కత్తి తిప్పుకుంటూ ఆటగాడు నడిచిపోతాడు.

తర్వాతి విడత కార్ట్రిడ్జిల్లో ఆ గొంతులు తీసేశారు. వాటి చోట యంత్రం పుట్టించిన బృందగానం పెట్టారు. ముస్లింలు గొడవ చేశారు కాబట్టి తీసేశారన్న మాట ఆటగాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరిగింది. నిజానికి ఆటల్లో మతచిహ్నాలు వద్దన్న నియమం నింటెండోకు ఈ ఆట కంటే ముందు నుంచే ఉంది. అయినా నింద మా మీదికే వచ్చింది. మా గొంతు వాడుకునేటప్పుడు మమ్మల్ని అడగరు. తీసేసేటప్పుడు మా పేరు చెప్తారు.

ఆ ఆటలోనే గెరూడో అనే ఎడారి తెగ ఉంది. దొంగల తెగ. నూరేళ్ళకొక మగబిడ్డ పుడతాడు, వాడే రాజవుతాడు. కథలోని దుష్టుడు ఆ వంశంవాడే. ఈ తెగ చిహ్నంలో నెలవంక, నక్షత్రం ఉండేవి. గేమ్‌క్యూబ్ అనే తర్వాతి యంత్రానికి ఆటను మార్చినప్పుడు ఆ చిహ్నాన్ని మార్చారు. ఎడారి అలాగే ఉంది. దొంగతనం అలాగే ఉంది. దుష్టుడి పుట్టుక అలాగే ఉంది. గుర్తు చెరిగింది గాని చూపు మారలేదు.

ఈ చూపు ఇంకా పాత యంత్రాల నుంచే ఉంది. 1983లో వచ్చిన ఫామికామ్‌లో శబ్దానికి ఐదే దారులు. అంత చిన్నచోట ఒక దేశాన్ని వినిపించాలంటే అడ్డదారి కావాలి. ఎడారి, సుల్తాను, పాము రాగానే రిషభానికీ గాంధారానికీ మధ్య పెద్ద ఎడమున్న ఒక స్వరవరుస వాయించడం అలవాటుగా మారింది. అరబ్బుల హిజాజ్‌కార్ మఖామ్ స్వరాలు ఇంచుమించు అవే. మరి మనకు? మాయామాళవగౌళ. తెలుగిళ్ళలో సంగీతం మొదలుపెట్టే పిల్ల సరళీస్వరాలు నేర్చుకునే రాగం. పొద్దున్నే పాఠంలో వినపడితే అది మంగళకరం. టీవీ గేములో వినపడితే మాయావి, మోసగాడు, మొండికత్తి. స్వరాలకు మతం లేదు, వాటికి టోపీ పెట్టింది మనుషులు. పాతబస్తీ చూపించాలంటే ఒక మినారు, ఒక ఆలాపన చాలనుకునే మన సినిమాలు కూడా చేసేది ఇదే.

ఇదంతా ఒక్క కంపెనీ కథ కాదు. మైక్రోసాఫ్ట్ 2002లో ఎక్స్‌బాక్స్ మీద ‘కాకుటో చోజిన్’ అనే కొట్లాట ఆట తెచ్చింది. నేపథ్యంలో ఖురాన్ పఠనం ఉందని తేలాక 2003లో వెనక్కి తీసుకుంది. పిడిగుద్దుల వెనక తిలావత్ పెడితే ఏ ముస్లిం నొచ్చుకోడు? అది తీసేయాల్సిందే.

2008లో సోనీ ‘లిటిల్ బిగ్ ప్లానెట్’ దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. అందులో మాలి దేశపు కోరా విద్వాంసుడు తుమానీ డయాబాటే పాట ఉంది. పాటలో మరణం గురించి ఖురాన్ చెప్పే మాటలున్నాయి. ఒక ముస్లిం ఆటగాడు అభ్యంతరం తెలిపాడు. సోనీ విడుదలను ఆపి, గొంతు తీసేసి, వాద్యం మాత్రం ఉంచి అమ్మింది. కాని 2024లో చనిపోయిన ఆ డయాబాటే ముస్లిం. తరతరాల గాయక వంశంవాడు. తమ దేశంలో దైవాన్ని పాటలో తలుచుకోవడం మామూలేనని ఆయన అన్నాడు. ఇక్కడ మా మాటను ఎవరో ఎత్తుకుపోలేదు. మావాడే తన పాట పాడుకున్నాడు. పాటలో ఆయత్ కలపకూడదనేవాళ్ళు మాలో ఉన్నారు, వాళ్ళ బాధ నిజం. పాటలోనే అల్లాను వెతుక్కునేవాళ్ళూ ఉన్నారు, ఏ దర్గా ముందు కూర్చున్నా తెలుస్తుంది. ఆ తర్కం మేం మాలో మేం తేల్చుకోవలసింది. కంపెనీకి ఆ తేడాతో పనిలేదు. నిప్పుల గుడికీ డయాబాటేకీ ఒకే కత్తెర.

ఇంకో యంత్రం గురించి చెప్పాలి. 1982లో కువైట్‌లో మొహమ్మద్ అల్ షారిఖ్ అనే వ్యాపారి అల్ ఆలమియా కంపెనీ మొదలుపెట్టాడు. జపాన్ ఎంఎస్ఎక్స్ కంప్యూటర్లను తీసుకుని వాటికి అరబ్బీ నేర్పించాడు. పేరు సఖ్ర్. కుడి నుంచి ఎడమకు రాసే తెర, అరబ్బీ అక్షరాల కీబోర్డు. అదే పెట్టె మీద పిల్లలు లెక్కలు నేర్చారు, ఆటలు ఆడారు. తర్వాత సెగా ఆటలు కూడా ఆడగల నమూనా వచ్చింది. 1990లో కువైట్ మీద ఇరాక్ దండయాత్రతో కంపెనీ కైరోకు తరలింది. గేమ్ యంత్రాల చరిత్ర అనగానే అటారీ, నింటెండో, సెగా అంటారు. సఖ్ర్ పేరు ఎక్కడో చివర వస్తే వస్తుంది. ముస్లిం గొంతు గుహలో మోగింది అందరికీ గుర్తుంది. ముస్లిం దేశంలో పిల్లల చేతికి వచ్చిన యంత్రం గుర్తులేదు.

సెక్యులర్ మిత్రులకు నేను చెప్పేది ఇంతే. తీసేయడాన్ని గౌరవమనుకోకండి. అది చాలాసార్లు జాగ్రత్త మాత్రమే. గౌరవం వినడంతో మొదలవుతుంది. ఆ మాటేమిటి, ఎవరిది, ఎప్పుడు పలుకుతారు అని అడగడంతో మొదలవుతుంది. ఇప్పుడు పాత యంత్రాలకు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఆ గొంతులున్న తొలి జెల్డా కార్ట్రిడ్జిల్ని సేకర్తలు ప్రత్యేకంగా వెతుక్కుంటున్నారు. సంపాదించినవాళ్ళు ఒక పని చేస్తే బాగుండును. నిప్పుల గుడిలోకి వెళ్ళాక కాసేపు కత్తి పక్కనపెట్టి, పక్కింటి ముస్లింను పిలిచి, ఆ గొంతు ఏమంటోందని అడగండి. మేం చెప్తాం.